హవాయి గిటారు, శ్రుతపాండిత్యము

(సాంస్కృతిక సంఘ సభలో చదువబడిన ఉపన్యాసము)

హవాయి గిటారు అనగానే తెలుగువారి మనస్సునకు తోచునది ఒక్కటే వాద్యము. వాద్యకారుడు దానిని ఒడిలో వెల్లకిల పెట్టుకొని, ఎడమచేతితో నున్నని ఉక్కుకడ్డీని తీగలపై జార్చుచు, కుడిచేతి వ్రేళ్లతో మీటుచుండును. సినిమా పాటలను ఆ విధముగా వాయించిన వాన్ షిప్లే, సునీల్ గంగూలీ వంటివారి రికార్డులు ఒకప్పుడు రేడియో వినువారందరికిని పరిచితములు. ఆ జారు విన్నవారికి గోటువాద్యము జ్ఞప్తికి వచ్చును, అది సహజమే. కాని హవాయి ద్వీపములలో దీనికంటె పాతదైన గిటారు పద్ధతి యొకటి కలదు. అందులో ఉక్కుకడ్డీ లేదు. వాద్యమును అందరివలెనే రొమ్మునకు చేర్చి పట్టుకొందురు. తేడా యంతయు తీగలను శ్రుతి చేయుటలోనే యున్నది. కొన్ని తీగలను మామూలు శ్రుతికంటె సడలింతురు. ఆ దేశభాషలో దాని పేరు 'కీ హోఅలు'. ఇంగ్లీషున 'స్లాక్ కీ' అందురు. ఈ యుపన్యాసమునకు విషయము ఆ గిటారు, దాని పాటలను పుస్తకము ముందు పెట్టుకొనక చెవితో నేర్చుకొను విధము.

అండమానులో కూర్చుండి హవాయి మాట యెందుకని అడుగువా రుందురు. 1881లో హవాయి రాజగు కలకౌవా ప్రపంచయాత్ర చేయుచు రంగూనునుండి కలకత్తాకు సముద్రముమీద వచ్చెను. అనగా ఈ బంగాళాఖాతపు నీటినే దాటిపోయెను. అప్పటికి పోర్ట్ బ్లెయరులో ఖైదీల వలస యేర్పడి యిరువదిమూడేండ్లు. ఆ రాజు సంగీతప్రియుడు. మిషనరీల నిరసనచేత మరుగునపడిన హులా నృత్యమును మరల దర్బారునకు తెచ్చినవాడు. హులా పాటకు గిటారు తోడగుట ఆతని కాలమున బలపడినది.

గిటారు అక్కడకు వచ్చిన కథ విచిత్రమైనది. 1793లో జార్జి వాంకూవర్ అను ఇంగ్లీషు నావికుడు మొదటి కమెహమెహా రాజునకు కొన్ని పశువులను కానుకగా నిచ్చెను. వానిని చంపరాదని రాజు కట్టడి చేసెను. పశువులు అడవి పట్టి, మందలై, తోటలను పొలములను పాడుచేయసాగెను. బ్రిటిషువారు తెచ్చి విడిచిన చుక్కల జింకలు అండమాను అడవులను ఏమి చేసినవో యెరిగినవారికి ఇది వింతగా తోచదు. 1830 తరువాత, మూడవ కమెహమెహా కాలమున, ఆ పశువులను పట్టుటకు, మచ్చిక చేయుట నేర్పుటకు, అప్పుడు మెక్సికోకు చెందియున్న కాలిఫోర్నియానుండి స్పానిషు మాటలాడు పశుపాలకులను రప్పించిరి. వారు రాత్రివేళ నెగడి చుట్టును కూర్చుండి గిటారు వాయించుచుండిరి. పని ముగిసినపిమ్మట వారిలో ననేకులు తిరిగిపోయిరి. గిటారులు మిగిలినవి. నేర్పువారు మిగులలేదు. కావున హవాయివారు తాము విన్నదానిని జ్ఞాపకము చేసికొనుచు, తమ పాటకు, తమ గొంతుకు అనువైనట్లు బిరడాలు త్రిప్పుకొనిరని అక్కడివారు చెప్పుకొందురు. ఈ విద్య పుట్టుకయే వినికిడినుండి.

ఉక్కుకడ్డీ వాద్యము తరువాతిది. లాయీ గ్రామపు జోసెఫ్ కెకూకూ విద్యార్థిగా నుండగా, 1889 ప్రాంతమున దానిని కనిపెట్టెనని ఎక్కువమంది మతము. అంతకుముందే భారతదేశమున పుట్టి ఓడలో హవాయి చేరిన గేబ్రియల్ డేవియన్ అను యువకుడు తీగపై జారు వాయించెనని మరియొక కథ కలదు. భారతీయులకు ఈ కథ ఇంపుగా నుండును. ఇంపుగా నున్నంతమాత్రమున నిజము కాదు. కెకూకూ వాద్యమునకును సడలించిన శ్రుతియే ఆధారము. మూడు నాలుగు తీగలపై ఒకే కడ్డీ ఆనించినప్పుడు స్వరములు కలియవలెనన్న శ్రుతి ఆ విధముగానే యుండవలెను. ఆ వాద్యమును భారతదేశమున వేళ్లూనజేసినవారిలో ముఖ్యుడు తావు మో. 1940 తరువాత కొన్నేండ్లు ఆయన కుటుంబముతో కలకత్తాలో నివసించి, వాయించి, నేర్పెను. ఆయనవలన నేర్చినవారిలో గార్నీ నిస్ కలకత్తాలో 'అలోహా బాయ్స్' అను బృందమును నడపెను. ఆ తరువాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిపై రాగాలాపన చేసి మెప్పించెను. విశ్వమోహన్ భట్ దానికి తరఫ్ తీగలు చేర్చి మోహనవీణ యని పేరు పెట్టి, 1994లో గ్రామీ బహుమానము నందెను. ఇట్లు కడ్డీ గిటారు ఈ దేశపుదే యైపోయినది. సడలించిన తీగల గిటారు మాత్రము తన ద్వీపములలోనే నిలిచిపోయినది. కారణము తరువాత వచ్చును. ముందు శ్రుతి.

మామూలు గిటారునకు ఆరు తీగలు. లావు తీగ మొదలు సన్నతీగ వరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ అని శ్రుతి చేయుదురు. ఇందులో రెండు చివరలనున్న ఇ తీగలను డికి, ఎ తీగను జికి దించవలెను. ఒక్కొక్కటి ఒక పూర్తి స్వరము మేర సడలును. అప్పుడు వచ్చునది డి, జి, డి, జి, బి, డి. హవాయివారు దీనిని 'టారో పాచ్' శ్రుతి యందురు. టారో యనగా చేమ; కనుక చేమమడి శ్రుతి యన్నమాట. ఇంటివెనుక చేమమడివలె ప్రతివారికిని అందుబాటులో నుండునది.

ఇప్పుడు జిని షడ్జముగా తీసికొని ఆ తీగలను సంగీతము తెలిసినవారు తమ పేళ్లతో పిలిచి చూతురు గాక: ప, స, ప, స, గ, ప. సభలో వీణ పట్టినవా రుందురు. వీణపై మెట్లమీదుగా పోవు నాలుగు తీగలు, అనుమంద్రము మొదలు సారణి వరకు, ప, స, ప, స. చేమమడి శ్రుతిలోని మొదటి నాలుగు తీగలు సరిగా అవియే. బొబ్బిలి వీణకును, పసిఫిక్ మహాసముద్రపు పశులకాపరి గిటారునకును ఎవరును రాయబారము నడపలేదు. షడ్జపంచమముల పొత్తు చెవికి ఎక్కడనైనను ఒకటే గనుక, చెవినే నమ్ముకొన్న రెండుజాతులవారు ఒకే చోటికి వచ్చిరి. పై రెండు తీగలలో మాత్రము దారులు వేరైనవి. వీణకు తాళపు తీగలు. గిటారునకు అంతరగాంధారమును పంచమమును. ఆ గాంధారమువలననే, ఏ మెట్టునకును వ్రేలు తగిలింపకుండ ఆరు తీగలను ఒకసారి మీటినను నిండైన మేళవింపు పలుకును.

ఇది యొక్కటే శ్రుతి కాదు. పైనుండి మూడవదగు షడ్జపు తీగను మరి అరస్వరము సడలించి కాకలినిషాదమునకు దించినచో 'వహినే' శ్రుతి యగును. వహినే యనగా స్త్రీ. ఆ నిషాదమును మీటి వెంటనే వ్రేలితో షడ్జమునకు ఎత్తుట ఆ శ్రుతికి ప్రాణము. ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క శ్రుతి యుండెడిది.

ఇక నేర్చుకొను విధము. పోర్ట్ బ్లెయరులో ఒక గుమాస్తా ఉన్నాడనుకొందురు గాక. అతనియొద్ద సామాన్యమైన గిటారు కలదు. గాబీ పాహినుయి పాట యొకటి వినెను, మనసు పట్టినది. వెంటనే గిటారు తీసి, మామూలు శ్రుతిలోనే ఆ స్వరములను వెదుకును. స్వరములు దొరకును, పాట దొరకదు. ఒక వ్రేలు ఇక్కడ, ఒక వ్రేలు నాలుగు మెట్లకు ఆవల, బొటనవ్రేలు మీటవలసిన మంద్రస్వరము అసలు అందదు. వారము దినములకు విసిగి, ఇది మన చేతులకు సాధ్యము కాదనును. చేతులలో లోపము లేదు. హవాయి ముసలివాడు తీరికగా వాయించిన పాటను ఈతడు తప్పు శ్రుతిలో సాముచేసి వాయింపబోయెను. కనుక ఈ విద్యలో మొదట వినవలసినది పాట కాదు, శ్రుతి.

దానిని పట్టుటకు వాద్యము ముట్టకుండ బొటనవ్రేలిని మాత్రమే వినవలెను. ఈ పద్ధతిలో బొటనవ్రేలు మంద్రమున షడ్జపంచమములను ఒకదాని తరువాత ఒకటి తప్పకుండ మీటుచుండును; తక్కిన వ్రేళ్లు పైతీగలపై పాటను వాయించును. తంబురయే నడక నేర్చినట్లుండును. పాట పైమెట్లపై తిరుగుచుండగా క్రింద నొక స్వరము తెగకుండ మ్రోగుచున్నదా, అది వ్రేలు పెట్టని తీగ. వ్రేలు పెట్టిన తీగ వ్రేలు తీయగానే ఆగును. పాట కడపట వాద్యకారుడు తరచుగా తీగలన్నిటిని మెల్లగా మీటి విడుచును. అప్పుడు శ్రుతి యంతయు తీగ తరువాత తీగగా వినబడును. మరి కొన్నిచోట్ల పండ్రెండవ మెట్టుపైన, ఏడవ మెట్టుపైన, ఐదవ మెట్టుపైన తీగను నొక్కక కేవలము తాకి మీటి చిరుగంటలవంటి నాదము పుట్టింతురు. పండ్రెండవ మెట్టువద్ద పలుకునది ఆ తీగకు సరిగా పై స్థాయి. గంటలు మ్రోగిన చోటనెల్ల దొంగ దొరికినట్లే.

ఈ వెదకులాటలో భారతీయునకు ఒక సౌకర్యము కలదు. పాత రికార్డులు ఒకప్పుడు హెచ్చుశ్రుతిలో, ఒకప్పుడు తగ్గుశ్రుతిలో పలుకును. గాయకులు తమ గొంతునుబట్టి గిటారును మొత్తముగా దించుకొందురు. ఏ తీగ జి, ఏ తీగ డి యని ఇంగ్లీషు అక్షరములతో వెదకువారు అక్కడ తడబడుదురు. షడ్జమును పట్టుకొని తక్కినవానిని దానితో కొలుచువానికి ఆ చిక్కు లేదు.

శ్రుతి దొరికిన తరువాత నేర్వవలసినది ముక్తాయింపు. హులా పాటలలో ఒక చరణమునకును మరియొక చరణమునకును నడుమ చిన్న పలుకు కలదు. మంద్రమున రిషభము, పంచమము, షడ్జము వరుసగా వచ్చును. పైన వానికి తగిన మేళవింపు. పాడువారు ఊపిరి తీసికొనుటకు, ఆడువారు అడుగు మార్చుకొనుటకు అది యెడము. ఒక్క పాటలోనే అది ఐదారుసార్లు వచ్చును. అది యొకసారి చేతికి వచ్చినచో నూరు పాటలకు పనికివచ్చును. పాట నిర్మాణమును చెవికి అనుకూలమైనదే: రెండు పాదములో నాలుగు పాదములో గల చరణము, అన్ని చరణములకు ఒకే వరుస. మొదటి చరణములో జారిపోయినది మూడవ చరణములో దొరకును. కడపటి చరణము, కథ చెప్పుట ముగిసినదని వినువారికి తెలుపును. భజనపాటలు, దంపుళ్లపాటలు విని పెరిగినవారికి ఈ కట్టడి కొత్త కాదు.

వరుసలో ఎక్కువభాగము జంటస్వరములు. చేమమడి శ్రుతిలో పైనుండి ఒకటవ, మూడవ తీగలపై రెండు వ్రేళ్లు జోడెడ్లవలె కలసి పైకిని క్రిందికిని పోవుచుండును. మీటిన తీగపై మరియొక వ్రేలు గట్టిగా ఆనించి పైస్వరమును పుట్టించుట, వ్రేలు లాగివేసి క్రిందిస్వరమును పలికించుట అలంకారములు. వీణ నేర్చినవారు ఇక్కడ తమ చేతిని అదుపులో పెట్టుకొనవలెను. వారి వ్రేలు అలవాటుచొప్పున గాంధారమును కంపింపజేయబోవును. ఆ పాట దానిని ఒప్పదు. దాని అందము స్వరమును ఉన్నచోట నిలుచుండనిచ్చుటలో నున్నది. కర్ణాటక సంగీతపు చెవికి ఇది మొదట చప్పగా తోచును. పది దినములు వినినచో ఆ చప్పదనమే తేటదనముగా తోచును. అంతకుముందు తీర్పు చెప్పుట తొందరపాటు.

ఇంతవరకు చెప్పినది రికార్డునుండి తీసికొనదగిన విద్య. కాని రికార్డులు లేని కాలమున ఇది యెట్లు నేర్చిరి? హవాయిలో ఒక సామెత కలదు: కన్ను చూడవలెను, చెవి వినవలెను, నోరు మూసికొనవలెను. పెద్దలు పాఠము చెప్పరు. పిల్లవాడు దగ్గర కూర్చుండవచ్చును, ప్రశ్న అడుగరాదు. కుటుంబము వెలుపలివారికి శ్రుతి తెలియనిచ్చుట ఉండెడిది కాదు. వాయించుట యైనతరువాత తీగలను కలగాపులగముగా త్రిప్పి, శ్రుతి చెరిపివేసి వాద్యమును క్రింద పెట్టువారును ఉండిరట. దీనిని లోభమని తీసివేయుట సులభము. గురువు కడుపులో దాచుకొన్న విద్యలను గూర్చి ఈ దేశమునను కథలకు కొదువలేదు. ఆ కుటుంబముల స్థితి గూడ చూడవలెను. 1893లో వారి రాజ్యము కూలద్రోయబడెను. 1896 చట్టముతో బడులలో ఇంగ్లీషే బోధనభాష యయ్యెను. 1898లో దేశము అమెరికాలో కలుపబడెను. నేల పోయి, భాష పోవుచుండగా, తీగల శ్రుతి యొక్కటి తమదిగా మిగిలినది. దానిని దాచుకొనిరి. దాచుటవలన అది నిలిచినది. దాచుటవలననే దాదాపు నశించినది గూడ. నేర్వవలసిన మనుమడు నేర్వనిచో ఆ శ్రుతి ముసలివానితో మట్టిలో కలియును. అట్లు కలిసినవి ఎన్నియో లెక్క చెప్పువారు లేరు.

రే కేన్ అను వాద్యకారుని కథ ఇక్కడ చెప్పదగినది. ఆయన 1925లో పుట్టి, ఓఆహు ద్వీపపు నానాకులీ సముద్రతీరమున పెరిగెను. బాల్యమున ఆల్బర్ట్ కవేలో అను నతని గిటారు విని, నేర్పుమని అడిగెను. కుటుంబపు విద్య గనుక అతడు ఒప్పుకొనలేదు. బాలుడు సముద్రములో మునిగి చేపలు పట్టి తెచ్చి యిచ్చి, ఆ చేపలకు బదులుగా పాట నేర్చుకొనెను. ఆ బాలుడే 1987లో అమెరికా ప్రభుత్వపు జాతీయ వారసత్వ పురస్కారమును పొందెను. జాలరుల బిడ్డలు అనేకులున్న ఈ ద్వీపములలో ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు.

1946లో గాబీ పాహినుయి చేసిన రికార్డులే స్లాక్ కీకి మొదటివని చరిత్రకారులు చెప్పుదురు. ఆనాటినుండి తలుపు తెరచుకొన్నది. చెవి గల ఎవ్వడైనను, ఎక్కడ కూర్చుండియైనను, ఆ శ్రుతిని పట్టవచ్చును. 1970 తరువాత హవాయి యువకులు తమ భాషను, పాటను మరల చేపట్టినప్పుడు ఆ రికార్డులే వారికి ఆధారమైనవి. 2005లో హవాయి సంగీతమునకు తొలిసారిగా గ్రామీ బహుమానము నిచ్చినప్పుడు అది స్లాక్ కీ సంపుటమునకే వచ్చెను; గానము లేని వాద్యమునకు ఇచ్చిరేమని హవాయిలోనే కొందరు నొచ్చుకొనిరి. వారి నొప్పి అర్థవంతమైనది. ఆ పాటకు మాటయే మూలము. ఒక లోయను, ఒక జలపాతమును, ఒక ప్రియురాలిని పువ్వు పేరుతో పిలిచి పాడిన పాటలవి. వరుస మాత్రము తీసికొని మాటను వదలినచో చేతికి వచ్చినది సగమే.

రికార్డునుండి నేర్చువాడు చేపలు ఇచ్చుకొననక్కరలేదు. అదే అతని సౌకర్యము, అదే అతని లోటు. శ్రుతి సరియో కాదో చెప్పువారు లేరు. ఆ మాటకు అర్థమేమని అడుగుటకు మనిషి లేడు. కావున అతడు తన కష్టమును మరియొక రూపమున చెల్లింపవలెను: ఎవరివలన విన్నాడో ఆ పేరు చెప్పుట, పాటలోని మాటకు అర్థము వెదకి తెలిసికొనుట, ఉచ్చారణను తన నోటికి వీలుగా వంచకుండుట. అచ్చైన పుస్తకములును ఇప్పుడు కలవు. తీగకు గీత, మెట్టుకు అంకె వేసి చూపునవి. చెవితో సగము దూరము పోయినవానికి అవి మేలు చేయును. మొదటి దినమే తెరచినవానికి అంకెలు వచ్చును గాని బొటనవ్రేలి నడక రాదు.

ఈ ద్వీపములకును తీగ కొత్తది కాదు. 1778లో ఆస్ట్రియా ఓడపై నికోబారుకు వచ్చిన ఫొంటానా అను వైద్యుడు అక్కడివారి వాద్యమును వర్ణించెను. రెండున్నర అడుగుల వెదురుబొంగు, దాని పొడవునను పేముచీలికతో చేసిన ఒకే తీగ. దానిని గిటారువలె వాయించుచున్నారని ఆయన వ్రాసెను. నేడు నికోబారీ యువకుల చేతిలో గిటారు సామాన్యదృశ్యము. చర్చి పాటలను వారు ఒకరినొకరు విని కలుపుకొందురు.

తెలుగువారు 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపములలో నూటికి పదముగ్గురు. వారిలో ఎక్కువమంది పూర్వులు ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చినవారు. వలలాగు పాటలు, పెండ్లిపాటలు, జోలలు వారి వెంట ఓడ యెక్కినవి, నోటితోనే. పిల్లలు వీధిలో హిందీ మాటలాడుదురు. అది తప్పు కాదు, పదిభాషల ఊరిలో అది అవసరము. కాని అవ్వ పాడు జోలలో ఒక మాటకు అర్థమేమని మనుమరాలు హిందీలో అడుగుచున్నది. అవ్వకు ప్రశ్న అర్థమైనను, జవాబు ఆ భాషలో లేదు. హవాయి ముసలివాని ఇంటిలో 1896 తరువాత జరిగినది సరిగా ఇదే. ఆ ఇండ్లలో కొన్నిట పాట నిలిచినదన్న, ఎవడో యొకడు దగ్గర కూర్చుండి నోరు మూసికొని వినుటచేత నిలిచినది.

ఇప్పుడు శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయరులో ఎవరైనను ఈ రాత్రికే మొదలుపెట్టవలెనన్న కావలసినది ఒక గిటారు, మూడు బిరడాలు త్రిప్పు ఓపిక. ముందు ఐదవ తీగను దించవలెను. మధ్యనున్న మూడవ తీగయగు జి దానికి సరిగా పై స్థాయి గనుక రెంటిని కలిపి మీటుచు, నాదములు అలలేకుండ కలియువరకు సడలింపవలెను. ఆ పిమ్మట ఆరవ తీగను, ఒకటవ తీగను నాలుగవ తీగయగు డితో కలుపవలెను. సడలిన తీగ కొంతసేపు కుదురుకొనదు; పావుగంట తరువాత మరల చూడవలెను. సముద్రపుగాలికి ఉక్కుతీగలు త్వరగా త్రుప్పు పట్టును, త్రుప్పు పట్టిన తీగ శ్రుతికి నిలువదు. వాయించిన తరువాత పొడిగుడ్డతో తుడుచుట మరువరాదు. గిటారు ఒక్కటియై, ఇంటిలో చర్చి పాటలకో సినిమా పాటలకో మరియొకరు దానిని వాడువారైనచో, లేచునప్పుడు ఆ మూడు తీగలను మరల ఒక్కొక్క స్వరము బిగించి పెట్టవలెను.